పదిహేడో మంచానికి వచ్చిన ఫోను

మా పైవాటాలో ఉండే ఆవిడను వీధి వీధంతా హలో పిన్ని అంటుంది. తలుపు కొట్టినా, మెట్ల మీద ఎదురుపడినా, ఆఖరికి పిల్లి కాళ్ళకు అడ్డం వచ్చినా ఆవిడ నోట ముందు వచ్చే మాట ‘హలో’. ముప్ఫై ఒక్క సంవత్సరాలు పెద్దాసుపత్రిలో టెలిఫోన్ బోర్డు దగ్గర కూర్చున్న మనిషి మరి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని నేను పదకొండు రకాలుగా అడిగాను. పన్నెండోసారి అడిగితే, “వదినా, నేను రోజుకి మూడొందలమందిని కలిపేదాన్ని. నన్నెవరితో కలపాలో ఎవరికీ తోచలేదు” అని నవ్వేసింది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. నేను ‘ఏమే’ అంటాను, కోపం వస్తే ‘ఏమ్మా’ అంటాను.

ఉద్యోగం మానేశాక ఆవిడకు పొద్దు గడవడం కష్టమైంది. సరిగ్గా అప్పుడే మా చర్చిలో టీచరమ్మ ఆడవాళ్ళ శనివారం ప్రార్థనలో కొత్త పద్ధతి ఒకటి మొదలుపెట్టింది. టీచరమ్మ అంటే బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడ. ప్రార్థన కూడా లెక్కలాగే నేర్పుతుంది. “మనం దేవుడితో మాట్లాడేసి, ఆమెన్ అనేసి, ఆయన నోరు తెరిచేలోపు లేచి వెళ్ళిపోతున్నాం. ఇక నుంచి పొద్దున్నే వాక్యం చదివి, పావుగంట నోరు మూసుకుని కూర్చోండి. ఏం వినిపించిందో నోటుబుక్కులో రాయండి. వినిపించిందల్లా దేవుడి మాటేనని ఎగరొద్దు. వాక్యానికి సరిపోయిందా, మీ గొప్పకోసం కాదుగదా, మీకు ఇష్టం లేకపోయినా మళ్ళీ మళ్ళీ వస్తోందా, ఈ మూడూ చూసుకోండి” అంది.

శనివారం శనివారం మేం విన్నవి చెప్పుకునేవాళ్ళం. ఒకావిడకు కిటికీ తెరలు మార్చమని వినిపించిందట. మరొకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, “అత్తగారికి సారీ చెప్పమని వచ్చిందండీ” అంటే, పక్కనున్న ఆవిడ, “అది దేవుడై ఉండడులే, మీ అత్తగారే చెవిలో ఊది ఉంటుంది” అంది. నా సంగతి అడిగితే, నాకు దేవుడు మాట్లాడాలంటే ముందు సందు దొరకాలి కదా అన్నాను. పావుగంట నోరు మూసుకోవడం నా వల్ల అయ్యే పనా!

హలో పిన్ని మాత్రం పరీక్షకు చదివినట్టు పట్టుకుంది. ఆవిడ కూర్చునే చోటు మా వంటింటికి సరిగ్గా పైన. పొద్దున్న ఆరున్నరకు కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించేది, ఆరూ నలభై అయిదుకు వెనక్కి తోసిన చప్పుడు. నేను పాలు పొయ్యి మీద పెట్టడం, దింపడం ఆ చప్పుళ్ళను బట్టే. రెండు నెలలు అలా గడిచింది. తర్వాత కుర్చీ పది నిమిషాలకే వెనక్కి పోవడం మొదలైంది. ఆ తర్వాత అయిదు. ఒకరోజు రెండు నిమిషాలైనా కాలేదు, కుర్చీ వెనక్కి పడిపోయిన చప్పుడే వినిపించింది. ఆ వెంటనే ఆవిడ గొంతు, ఎవరికో జవాబు చెబుతున్నట్టు: “ఉన్నానమ్మా, ఉన్నాను.”

పైన ఆవిడ తప్ప ఎవరూ లేరు. మా మెట్లు దాటకుండా పైకి ఎవరూ పోలేరు, నాకు తెలియకుండా మా మెట్లు ఎవరూ దాటలేరు. నా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

“దేవుణ్ణి అమ్మా అంటుందేమిటండీ?” అని మా ఆయన్ను అడిగాను.

“నీకెందుకు?” అన్నాడాయన పేపరు దించకుండా.

ఆ మాట నలభై రెండేళ్ళుగా అంటున్నాడు. ఒక్కసారైనా పనిచేసిందా?

ఆ వారంలోనే పైవాటా తీరు మారిపోయింది. పొద్దున్నే రేడియో పెద్దగా పెట్టేది. పని లేకపోయినా కొళాయి తిప్పి ఉంచేది. చలిగా ఉన్నా ఫ్యాను తిరుగుతూనే ఉండేది. పావుగంట నిశ్శబ్దంకోసం వీధిలో కూరగాయలవాణ్ణి కూడా ‘కాస్త నెమ్మదిగా అరవయ్యా’ అని బతిమాలిన మనిషి, ఇప్పుడు నిశ్శబ్దం వెంట తరుముతున్నట్టు చప్పుళ్ళ మధ్య దాక్కుంటోంది. శనివారం ప్రార్థనకు రావడం కూడా మానేసింది.

ఇంక ఆగలేక ఒక మధ్యాహ్నం పైకి వెళ్ళాను. రేడియో కట్టేశాను, కొళాయి కట్టేశాను, ఫ్యాను కూడా ఆపేశాను. ఆవిడ మంచం మీద కూర్చుని నా వంకే చూస్తోంది, దీపం ఆర్పేస్తుంటే చూసే చిన్నపిల్లలా.

“ఎవరితో మాట్లాడుతున్నావే పొద్దున్నే?”

“ఎవరితోనూ లేదు వదినా.”

“చూడమ్మా, మా వంటింటి కప్పుకి చెవులున్నాయి. ఉన్నానమ్మా అన్నావు. ఎవరా అమ్మ?”

నేను కదల్లేదు. చివరికి చెప్పింది.

అది పాతికేళ్ళనాటి మాట. అప్పటికి ఇళ్ళలో ఫోన్లు తక్కువ, చేతుల్లో అసలే లేవు. ఆసుపత్రిలో మంచాల దగ్గర కూడా ఫోన్లు లేవు. రోగికి బయటినుంచి ఫోను వస్తే, బోర్డు దగ్గరున్న ఆవిడ ‘ఆగండి’ అని చెప్పి, ఆ లైనును పక్కన ఉంచి, వార్డుకు ఫోను చేసేది. నర్సు రోగిని చక్రాల కుర్చీలో తన బల్ల దగ్గరికి తెచ్చాక రెండు లైన్లూ కలిపేది. ఆగి ఉన్న లైనుకు గుర్తుగా బోర్డు మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతూ ఉండేది.

ఆ రోజు ఊరి బయట బస్సు బోల్తా పడింది. బోర్డంతా ఒకేసారి మోగింది. అంతకు ముందు క్షణమే ఒక ఆడమనిషి ఫోను చేసింది, పదిహేడో మంచం ఆయన భార్యనని. ఆగమంది హలో పిన్ని. వార్డు లైను ఖాళీ లేదు. సరే మళ్ళీ చేద్దామనుకునేలోపు బస్సు ఫోన్లు మీద పడ్డాయి. డాక్టర్లు, పోలీసులు, ఏడ్చేవాళ్ళు. పదిహేడో మంచం మాట మనసులోంచి జారిపోయింది. ముప్పావుగంట తర్వాత తల తిప్పితే ఎర్ర దీపం ఇంకా వెలుగుతోంది. ఫోను చెవికి పెట్టుకుంటే అటునుంచి వినిపించింది: “లైన్లో ఉన్నారా అమ్మా?”

“తర్వాత?” అన్నాను.

“తర్వాత లైను పోయింది వదినా. ఆయన ఆ సాయంత్రమే పోయాడు.”

పాతికేళ్ళు ఆ గొంతు ఎక్కడ దాక్కుందో తెలియదు. దేవుడి మాట వినాలని మనసును ఖాళీ చేసి కూర్చుంటే, ఆ ఖాళీలోకి అదొక్కటే వచ్చింది. కోపంగా కాదు, ఏడుస్తూ కాదు. మర్యాదగా, కాస్త మొహమాటంగా, అవతలివాళ్ళను ఇబ్బంది పెడుతున్నానేమోనన్నట్టు. “అదే నన్ను చంపుతోంది వదినా” అంది. నోటుబుక్కు తీసి చూపించింది. మొదటి రెండు నెలల పేజీల్లో చక్కని అక్షరాలతో ఏవేవో రాసి ఉన్నాయి. ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి, పైన తేదీ మాత్రం రోజూ రాసింది.

“నాకు దేవుడు కావాలి వదినా. ఈవిడ అడ్డం నిలబడి ఉంది. ఈవిడ తప్పుకుంటే గాని ఆయన మాట నాకు చేరదు. చేరకుండానే పోతానేమోనని భయంగా ఉంది” అంది.

నాకు చెప్పిన విషయం నా నోట్లో నానదని ఊరికి తెలుసు. కానీ దీన్ని మోసుకుంటూ తిరగడం నాకూ బరువైంది. ఆవిడ్ని అడిగే మా చర్చి అయ్యగారి దగ్గరికి తీసుకెళ్ళాను. మా పాస్టరుగారు మంచివాడే, చిన్నవాడు. విన్నంత సేపూ విని, “ఇది శత్రువు స్వరం అమ్మా. మిమ్మల్ని ప్రార్థనలో కూర్చోనివ్వకుండా చేయడమే వాడి పని. గద్దించండి” అన్నాడు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. హలో పిన్ని మర్నాటినుంచి గద్దించడం మొదలుపెట్టింది. కింద వంటింట్లో నాకు వినిపించేది: “పో, వెళ్ళిపో.” వారం తిరిగేసరికి ఆవిడే చెప్పింది, గద్దించినప్పుడల్లా ఆ గొంతు ‘సారీ అమ్మా’ అంటోందట. అని, మళ్ళీ అదే అడుగుతోందట.

అప్పుడు టీచరమ్మను ఇంటికి పిలిచాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ అంతా విని, లెక్క అడిగినట్టు అడిగింది:

“ఆ గొంతు నిన్ను తిడుతోందా?”

“లేదు టీచరమ్మా.”

“నువ్వు పనికిమాలినదానివి, నీకు దేవుడు దొరకడు అంటోందా?”

“అది నేనే అనుకుంటున్నా.”

“అదీ శత్రువంటే. నేరం నెత్తిన వేసి, తలుపు మూసేసి పోతాడు. వాడు ప్రశ్న అడగడమ్మా, తీర్పే చెబుతాడు. దేవుడు అడుగుతాడు. ఎక్కడున్నావని అడుగుతాడు, ఏం చేశావని అడుగుతాడు. ఆ గొంతు దేవుడిదని నేననను. అది ఆ మనిషిదే. కానీ అన్ని గొంతుల్లో ఆ గొంతునే ఎవరు పంపిస్తున్నారో ఆలోచించు.”

“ఉన్నానని చెబుతూనే ఉన్నాను టీచరమ్మా. అయినా పోవట్లేదు.”

నేను ఊరుకోలేకపోయాను. “మా వంటింటి మీద కూర్చుని చెబితే నాకు వినిపిస్తుంది గానీ, ఆవిడకెలా వినిపిస్తుందే? బతికుంటే ఎక్కడో ఉంటుందిగా.”

ఇద్దరూ నా వంక చూశారు. హలో పిన్ని ముఖం పాలిపోయింది. “వద్దు వదినా” అంది. టీచరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది.

వద్దంటే ఆగే మనిషినా నేను. ఆ వార్డులో పనిచేసిన నర్సమ్మ మా చర్చిలోనే మూడో వరసలో కూర్చుంటుంది. పదిహేడో మంచం, బస్సు బోల్తాపడిన రోజు అనగానే, “గొడుగులాయన కదూ?” అంది. మార్కెట్ వెనక గొడుగులు బాగుచేసే ఆయనట. మంచం మీద పడుకుని కూడా నర్సుల గొడుగులకు పుల్లలు సరిచేసి ఇచ్చేవాడట. ఇంట్లో ఉన్న గొడుగు ఒకటి మోకాలికేసి విరిచి, దాన్ని పట్టుకుని మార్కెట్ వెనక రెండు మధ్యాహ్నాలు తిరిగాను. మూడో సందు చివర, పాత సామాన్ల కొట్టు పక్కన, ఒకే గది ఇల్లు. ఆయన పోయాక ఆవిడే గొడుగులు కుడుతోంది. డెబ్భైకి దగ్గరగా ఉంటుంది. నా గొడుగు చూసి, “ఇది వానకి విరిగింది కాదే” అంది. గొడుగు అక్కడ ఇచ్చేసి నేను నోరెత్తకుండా వచ్చేశాను. అలా నోరెత్తకుండా రావడం నాకదే మొదటిసారి.

హలో పిన్నికి చెబితే మూడు రోజులు తలుపు తియ్యలేదు. నాలుగో రోజు, ఒక బుధవారం, తనే మెట్లు దిగి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. “నువ్వు పక్కనుండు వదినా. నేను తప్పించుకుపోతే పట్టుకో” అంది.

గదంతా నల్లగుడ్డ. గోడలకు మేకులు, మేకులకు గొడుగులు, కప్పునుంచి వేలాడే గొడుగులు, రెక్కలు మూసుకున్న గబ్బిలాల్లా. కిటికీ దగ్గర కుట్టుమిషను. గొడుగులమ్మ నన్ను గుర్తుపట్టి, “మీది అయిపోయిందండీ” అంది. నేను హలో పిన్నిని ముందుకు తోశాను.

“నేను... నేను ఆసుపత్రిలో టెలిఫోను దగ్గర పనిచేసేదాన్ని అమ్మా. మీరు మీ ఆయనకోసం ఫోను చేసిన రోజు, బస్సు పడిపోయిన రోజు, నేనే ఉన్నాను. మిమ్మల్ని ఆగమని మరిచిపోయాను. చూసేసరికి లైను పోయింది. క్షమించమని అడుగుదామని...”

గొడుగులమ్మ మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. కాసేపు ఏమీ అర్థం కానట్టు చూసింది. తర్వాత నెమ్మదిగా మాట్లాడింది. ఆ గొంతు వినగానే హలో పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. పాతికేళ్ళైనా అదే గొంతట.

“నేను పుట్టింట్లో ఉన్నానండీ అప్పుడు. పోట్లాడి వెళ్ళాను. ఇంక నీ ముఖం చూడనని ఆయనన్నాడు, నీ గడప తొక్కనని నేనన్నాను. ఆసుపత్రిలో ఉన్నాడని కబురొస్తే, ఫోనున్న వాళ్ళింటికెళ్ళి చేశాను. వాళ్ళింట్లో అందరూ భోజనాలకి కూర్చున్నారు. నేను గోడకానుకుని నించున్నా. వాళ్ళు తిని చేతులు కడుక్కున్నారు. నేను ఫోను పెట్టెయ్యలేదండీ. లైను దానంతటది పోలేదు, ఎవరో తీసినట్టు టక్కుమంది. ఆయనే వద్దన్నాడనుకున్నా. నా పేరు చెబితే మాట్లాడనని తీయించేశాడనుకున్నా.” ఆగి, మిషను వంక చూస్తూ అంది: “ఇప్పటికీ అలాగే అనుకుంటున్నా. రోజూ.”

ఇక్కడితో క్షమాపణ చెప్పుకుని లేచి రావచ్చు. లైను ఎవరు తీశారో ఆవిడకు తెలిసే దారి లేదు. నాకైతే తెలుసా, నాకూ తెలియదు. హలో పిన్ని వేళ్ళు నా చేతిలోకి దిగిపోతున్నాయి. తలుపు వంక ఒకసారి చూసింది. నేను చెయ్యి విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు.

“నేనే తీశాను” అంది హలో పిన్ని.

“ఏంటి?”

“దీపం వెలుగుతోంది. చెవికి పెట్టుకున్నాను. ‘లైన్లో ఉన్నారా అమ్మా’ అన్నారు మీరు. ముప్పావుగంట నిలబెట్టానని చెప్పడానికి సిగ్గేసింది. తిడతారని భయమేసింది. బోర్డులోంచి ఆ లైను తీగ లాగేశాను. నేనే. ఆయన కాదు. ఆయనకి మీ ఫోను సంగతే తెలియదు.” ఊపిరి తీసుకుంది. “ఇంకా ఉంది. మధ్యాహ్నం వార్డునుంచి నర్సు రెండుసార్లు ఫోను చేసింది. పదిహేడో మంచం ఆయన అడుగుతున్నాడు, వాళ్ళావిడ దగ్గర్నుంచి ఫోనొచ్చిందా అని. రెండుసార్లూ రాలేదనే చెప్పాను.”

ఇన్నాళ్ళూ నాకు చెప్పింది సగమేనన్నమాట. ఆవిడ వంక చూడలేక గొడుగుల వంక చూశాను.

గొడుగులమ్మ తిట్టలేదు. ఏడవలేదు. “అడిగాడా?” అంది.

“అడిగాడు.”

“ఏమని అడిగాడు? నీ మాటలు కాదు. ఆ నర్సు ఏమందో అది చెప్పు.”

హలో పిన్ని కళ్ళు మూసుకుంది. ముప్ఫై ఏళ్ళు మాటలు చేరవేసిన మనిషి కదా, అక్షరం పొల్లుపోకుండా చెప్పింది: “పదిహేడో మంచం ఆయన మళ్ళీ అడుగుతున్నాడమ్మా. వాళ్ళావిడ ఫోను చేస్తుందట. నిద్రపోతున్నా సరే లేపమంటున్నాడు.”

“మళ్ళీ చెప్పు.”

చెప్పింది.

“మళ్ళీ.”

మూడోసారి చెబుతుంటే గొడుగులమ్మ పెదవులు కూడా కదిలాయి. నాలుగోసారి ‘లేపమంటున్నాడు’ అన్న మాట దగ్గర ఆవిడ చేత్తో ఆగమన్నట్టు సైగచేసింది. లేచి, మాకు వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడింది. మేం ఉన్నామన్న సంగతే మరిచిపోయినట్టుంది. ఎంతసేపున్నామో తెలియదు. ఎండ గొడుగుల మీదినుంచి గోడ మీదికి జరిగింది. ఆవిడ తిరగలేదు. మేమే తలుపు దగ్గరగా వేసుకుని వచ్చేశాం. నా గొడుగు అక్కడే ఉండిపోయింది.

సందు మలుపు తిరిగాక హలో పిన్నిని అడిగాను: “నాకు సగమే ఎందుకు చెప్పావే?”

“నాకూ సగమే చెప్పుకున్నా వదినా, ఇన్నాళ్ళూ” అంది.

తర్వాతి బుధవారం ఆవిడ ఒక్కతే వెళ్ళింది. గొడుగులమ్మ తలుపు తియ్యలేదట. ఆ తర్వాతి బుధవారమూ తియ్యలేదట. లోపల మిషను ఆగిన చప్పుడు వినిపించిందట, అంతే. నాలుగో వారం తలుపు కాస్త తెరిచి, లోపలికి రమ్మనకుండానే, “చెప్పు” అందట. గడప బయట నిలబడి చెప్పి వచ్చింది. ఇప్పుడు ఎనిమిది నెలలైంది. లోపలికి రానిస్తోందట. నర్సు అన్న ఆ నాలుగు మాటలూ చెప్పించుకుని, ఒక్కోవారం ఆయన గురించి ఏదో ఒకటి చెబుతుందట. ఒక్కోవారం మాత్రం, “ఆ తీగ నువ్వు లాగకపోతే” అని మొదలుపెట్టి ఆగిపోతుందట. ఆ మాట ఎప్పుడు పూర్తి చేస్తుందోనని ఈవిడకు దడ. అయినా వెళ్తుంది. వెళ్ళేముందు మా గుమ్మంలో ఒక్క క్షణం నిలబడుతుంది, తలుపు ఇవాళ తెరుచుకుంటుందో లేదో నాకేమైనా తెలుసేమోనన్నట్టు.

“క్షమించిందా?” అని అడిగాను. అడక్కుండా ఎలా ఉంటాను?

“ఆవిడ అనలేదు. నేను మళ్ళీ అడగలేదు.”

“పొద్దున్నే ఆ గొంతు రావడం ఆగిందా మరి?”

“లేదు. ఇప్పుడు ముఖంతో సహా వస్తోంది.”

“అయ్యో! మరి నువ్వడిగిన దేవుడేడే? ఆయన ఏమైనా మాట్లాడుతున్నాడా?”

ఆలోచించింది. చెప్పులు వేసుకుంటూ, చాలా మామూలుగా అంది:

“బుధవారం వెళ్ళమంటున్నాడు వదినా.”

“అంతేనా?”

“అంతే. ఇంకో మాట ఇంకా చెప్పలేదు.”